ఐదో మెట్టు దాకా

అప్పన్న కాలు విరిగిన మర్నాడు పొద్దున్నే నేను భిలాయి ఖుర్సీపార్‌లో నీళ్ళ ట్యాంకు కింద నిలబడి జేబులోంచి పాత అర్ధరూపాయి బిళ్ళ తీశాను. దుకాణాల్లో దాన్ని ఇప్పుడెవరూ తీసుకోరు. నాకిచ్చినాయన దానితో వేరే పని చేసేవాడు. ఇనుము మీద వేసిన జింకు పూతను ఆ బిళ్ళ అంచుతో గట్టిగా రుద్దేవాడు. పూతలో జింకు నిండుగా ఉంటే రుద్దినచోట గీత వెండిలా మెరుస్తుంది. ఉత్త బూడిదరంగు పెయింటయితే పెచ్చు లేచి ఊడిపోతుంది. చూడటానికి రెండూ ఒకే రంగు.

మొదటి మెట్టు అంచున రుద్దాను. మెరిసింది. రెండోది మెరిసింది. మూడు, నాలుగు, ఐదు మెరిశాయి. ఆరో మెట్టుకు బిళ్ళ ఆనించి లాగగానే గోరంత పెచ్చు లేచింది. దాని కింద పాత తుప్పు ఎర్రగా, తడితడిగా ఉంది. ఏడో మెట్టూ అంతే. ఎనిమిదోదీ అంతే. మెట్ల రెండో వరుసలో, అప్పన్న కాలు తొడ దాకా దిగబడిన మెట్టు దగ్గరికి వెళ్ళేసరికి బిళ్ళతో పని లేకపోయింది. చిరిగిన రేకు అంచు అప్పడంలా ఉంది. దాని పైన రంగు మాత్రం నున్నగా ఉంది.

ఆ మెట్లకు పూత వేసినాయన అప్పటికి బతికే ఉన్నాడు. అక్కడికి రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. పోయిన నెల పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన పని గురించి నేను ఒకసారి మంచి రాశాను, పేపర్లో, నా పేరు పెట్టుకుని. ఈసారి ఆయన పేరు రాయను. ఖుర్సీపార్‌లో ఆ పేరుతో ఆయన్నెవరూ పిలవలేదు కూడా. అందరికీ గన్ను మేస్త్రి.

నేను దుర్గ్, భిలాయిలకు వచ్చే ఒక హిందీ దినపత్రికలో చాలా ఏళ్ళు విలేకరిగా పనిచేశాను. చిన్న కార్ఖానాల మీద ఏదో రాయాలని పారిశ్రామికవాడలో తిరుగుతున్నప్పుడు ఒక షెడ్డు వెనక ఆయన కనిపించాడు. మొహానికి తడిగుడ్డ, దాని మీద మాస్కు, తలకు పాత తువ్వాలు. ఎదురుగా కట్టెల మీద పేర్చిన ఇనుప దూలాలు. ఆయన పక్కన బిందె అంత పీడనపు డబ్బా, దాని మూత మీద, లోపలి జింకును కలుపుతూ గిర్రున తిరుగుతున్న చిన్న గాలి మోటారు. డబ్బాలోంచి రెండు గొట్టాలు వచ్చి ఆయన చేతిలోని గన్నులో కలుస్తున్నాయి. ఒకటి గాలికి, ఒకటి జింకుకు. ఆయన చెయ్యి భుజం దగ్గర్నుంచి కదులుతోంది. మణికట్టు కదలడం లేదు. గన్ను దూలానికి జానెడున్నర దూరంలో, తాడు కట్టినట్టు ఒకే వరసన అటూ ఇటూ పోతోంది. దూలం చివరికి రాగానే వేలు వదులుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. దూలం మీద పొగమంచు కమ్మినట్టు తడి బూడిదరంగు పరుచుకుంటోంది.

తెలుగువాణ్ణని తెలిశాక ఆయన మాస్కు తీసి, ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టాడు. పాలడబ్బా అంత ఉంటుంది. చెయ్యి కిందికి జారిపోయింది.

"బరువుందా?" అన్నాడు. "జింకు పొడి. ఇదే దీని రోగం. నీల్లో ఇసుక లాగ అడుక్కి దిగిపోద్ది. కలుపుతానే ఉండాల. కలపడం ఆపీసి గన్ను కొట్టినావనుకో, పైన తేరిన జిగురే వస్తాది. రంగు అదే. సూసినోడికి తేడా తెల్దు. ఇనుముకి తెలుస్తాది."

"తుప్పు పట్టకుండా ఇదెలా ఆపుతుంది?"

"ఆపదు బాబూ. తుప్పు ముందు దీన్ని తింటాది. ఇది అయిపోయినాకే ఇనుము జోలికెల్తాది. మనిల్లలో పెద్దకొడుకు లాగన్నమాట."

పెద్దకొడుకునే కాబట్టి నవ్వాను.

ఆ మోటారు చప్పుడు మీద ఆయన చెవి ఎప్పుడూ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగి వినేవాడు. ఒకసారి పని చూడటానికి వచ్చిన ఇంజినీరు అందరినీ టీకి పిలిచాడు. ఈయన కదల్లేదు. "సాబ్, మాల్ బైఠ్ జాయేగా" అన్నాడు, సరుకు అడుక్కి కూర్చుండిపోతుందని. టీ ఆయన దగ్గరికే వచ్చింది. మాస్కు కొంచెం ఎత్తి ఎడంచేత్తో తాగాడు. ఆ మాటను ఆయన మనుషులకూ వాడేవాడు. రిటైరై చౌక్‌లో బెంచీల మీద కూర్చునేవాళ్ళను చూసి సైకిల్ మీంచే "మాల్ బైఠ్ గయా!" అని అరిచేవాడు. వాళ్ళు చెప్పులు చూపించేవాళ్ళు. నన్ను వీధుల్లోంచి తీసి డెస్కు మీద కూర్చోబెట్టినప్పుడు విషయం ఎలా తెలిసిందో, స్మృతి నగర్‌లో మా ఇంటి గేటు దాకా వచ్చి, "నిన్నూ కూకోబెట్టీసినారు కదేటి పేపరు బాబూ. ఎవడైనా కలపాల మరి నిన్ను" అన్నాడు.

పని అయ్యాక గన్ను కడగడం చూడాలి. అరగంట పట్టేది. డబ్బాలో మిగిలింది తీసేసి, థిన్నరు పోసి, గొట్టంలో తెల్లటి ధార వచ్చేదాకా కొట్టేవాడు. గొట్టం చుట్టలు చుట్టనిచ్చేవాడు కాదు, వంపు ఉన్నచోట జింకు పేరుకుంటుందని. తరవాత వరండాలో పేపరు పరుచుకుని గన్ను విప్పేవాడు. మూతి, సూది, సూది చుట్టూ ఉండే తోలు చుట్ట, స్ప్రింగు, అన్నీ విప్పిన వరసలోనే పెట్టేవాడు. మూతి కన్నంలో ఇనుప తీగ పెడితే మండిపడేవాడు. "గీత పడితే జన్మలో సమంగా కొట్టదు" అనేవాడు. చీపురుపుల్లతోనే పొడిచేవాడు. జింకు వడగట్టడానికి పెళ్ళాం పాత నైలాను చీరలు. ఆమె నాతో, "నా సీరలన్నీ ఆ గన్నుకే కట్టీసినాడు బాబూ. సీర పెట్టడానికి దానికి పుట్టింటోల్లు లేరు, నాకున్నారు" అనేది.

పరిచిన పేపరు ఎక్కువగా మాదే. "నీ పేపరు దీనికి బాగా పనికొస్తాది బాబూ. సిరా మంచిది, అంటుకోదు" అనేవాడు.

పెళ్ళిళ్ళలో ఆయన చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చేవాళ్ళు. ఖుర్సీపార్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో అదొక వేడుక. గుమ్మం దగ్గర నిలబడి జానెడున్నర దూరంలో, భుజం నుంచి చెయ్యి కదుపుతూ, వచ్చినవాళ్ళందరికీ సమానంగా చల్లేవాడు. వరస చివరికి వచ్చేసరికి వేలు వదిలేవాడు. "అప్పన్నకి రెండు కోటింగులు పడాల, మనిషి వెడల్పు" అనేవాడు. అప్పన్న అక్కడే, ట్యాంకు దగ్గర, వాల్వులు తిప్పే ఠేకా మనిషి, కాంట్రాక్టు కూలీ. రోజూ పొద్దునా సాయంత్రం ట్యాంకు ఎక్కి నీటిమట్టం చూసి వస్తాడు. ఇద్దరివీ ఒకే వైపు ఊళ్ళు, విజయనగరం అవతల. మావా అంటే ఒరే అనుకునేవాళ్ళు. అప్పన్న లావుపాటివాడు, నవ్వితే పొట్ట కదిలేది.

ఇవన్నీ ఎన్నైనా చెప్పొచ్చు. నేను చెప్పాల్సింది సాక్షుల సంగతి.

ఆయన డాబా మీద బట్టలారేసుకునే తీగ ఉండేది. దాని మీద బట్టలు తక్కువ, రేకులు ఎక్కువ. అరచెయ్యంత ఇనుపరేకులు, ఒక్కో దానికీ కన్నం పొడిచి తీగకు వేలాడదీసినవి. ఏ పని చేసినా, ఆ పనికి కలిపిన జింకుతోనే, అదే గన్నుతో, ఒక చిన్న రేకుకు కొట్టి తెచ్చుకుని ఎండకూ వానకూ వేలాడదీసేవాడు. వాటిని సాక్షులు అనేవాడు. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి మోగేవి. "ఆ దూలాలు ఏ ఊరెల్లినాయో నాకు తెల్దు. ఈ రేకు తుప్పట్టిందంటే అక్కడా పట్టినట్టే. నా ఇంటికాడ కూకుని నాకు కబురొచ్చీస్తాది" అనేవాడు.

రేకు వెనక మేకుతో పని పేరు గీకేవాడు. పని మొత్తం అయిపోయి తను ఒకసారి పైనుంచి కిందిదాకా బిళ్ళతో చూసుకున్నాక, పేరు కింద 'పూర్తి' అని గీకేవాడు. పైనుంచి కిందికి అన్నది ఆయన పట్టుదల. కొట్టడమూ పైనుంచే, చూసుకోవడమూ పైనుంచే. "ఆఫీసర్లు మెట్టెక్కరు బాబూ. చెయ్యందినంత మేరే సూస్తారు. కిందనుంచి మొదలెట్టినోడు వోల్లకి సూపించడానికి కొడతన్నాడన్నమాట" అని ఆయనే చెప్పాడు. ఆ రోజే ఆ అర్ధరూపాయి బిళ్ళ నాకిచ్చాడు. తన దగ్గర ఇంకోటి ఉందట.

ట్యాంకు మెట్లకు పూత పని ఒక ఠేకేదారుకు, అంటే కాంట్రాక్టరుకు, వచ్చింది, అతను దాన్ని గన్ను మేస్త్రికి అప్పగించాడు. పని ముగిసిన కొద్దిరోజులకు ఖుర్సీపార్ వాళ్ళు పదిమంది సంతకాలతో మా ఆఫీసుకు ఉత్తరం రాశారు. పాత తుప్పు మీదే రంగేసి పోయారని, ఇసుక కొట్టి తుప్పు దులపలేదని. డెస్కులో ఉన్నా, ఖుర్సీపార్ అంటే నేనే అని ఎడిటరు ఆ కాగితం నాకిచ్చాడు.

నేను ట్యాంకు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా గన్ను మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఎండాకాలం. ఆయన డాబా మీదికి తీసుకెళ్ళి, తీగ మీంచి కొత్త రేకు ఒకటి విప్పాడు.

"ఇదేనా ట్యాంకుది?"

"ఇదే."

"ఇసుక కొట్టలేదంటున్నారు మేస్త్రిగారూ."

"అన్నోల్లు ఇసుక సూసినారా, తుప్పు సూసినారా? నువ్వే గియ్యి బాబూ. బిళ్ళ తెచ్చినావు కదా."

గీశాను. గీత తళతళలాడింది. ఆయన మొహంలోకి చూశాను. చూపు తిప్పుకోలేదు. కింద ఆయన భార్య మజ్జిగ కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "పదేల్లు దాని మొహం సూడక్కర్లేదని రాసీ" అన్నాడు. రాశాను. ట్యాంకు మెట్లకు పదేళ్ళదాకా బెంగ లేదని, ఫిర్యాదులో పస లేదని, పైన నా పేరుతో వచ్చింది.

ఒక్క ఫర్లాంగు నడిచి ఉంటే, ఆరు మెట్లు ఎక్కి ఉంటే సరిపోయేది. ఆయన నా చేతికిచ్చిన రేకును వెనక్కి తిప్పి చూసినా సరిపోయేది. రెండూ చేయలేదు. ఎండ అనుకున్నాను. ఆయన అనుకున్నాను. ఈ వృత్తిలో కొత్తవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట, ఎవడో చూశానన్నది నువ్వు చూసినట్టు రాయొద్దని.

రెండో వానాకాలంలో, పొద్దున ఆరింటికి, అప్పన్న కాలు మెట్టులోంచి దిగబడింది. పక్క కమ్మీ పట్టుకుని వేలాడుతూ అరిచాడట. నలుగురెక్కి, రేకు వంచి కాలు బయటికి తీశారు. మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. మెట్ల మీద దూకుతూ ఎక్కాడని ఠేకేదారు మనుషులు అన్నారు, నీళ్ళ ఆఫీసువాళ్ళు సోమవారం విచారణ అన్నారు.

మర్నాడు ఆరో మెట్టు నుంచి ఊడిన పెచ్చును కాగితంలో చుట్టుకుని నేను నేరుగా ఆయన ఇంటికే వెళ్ళాను. వరండాలో పేపరు పరుచుకుని గన్ను విప్పి ఉన్నాడు. నన్ను చూసి, "రా బాబూ" అన్నాడు, తల ఎత్తకుండా. కాగితం విప్పి ఆ పెచ్చు ఆయన ముందు పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. కొంచెంసేపు చూశాడు.

"ఎన్నో మెట్టు?" అన్నాడు.

ఆ ప్రశ్న విన్నాక నాకు ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. అయినా అడిగాను.

"ఆరో మెట్టు. ఇసుక ఎందుకు కొట్టలేదు?"

"కొడితే చిల్లులడతాయి. లోపల తినీసింది."

"పడితే పడనివ్వాల్సింది."

"పడితే రేకులు మార్చాల. మార్చడం ఆర్డర్లో లేదన్నారు. రంగే అన్నారు."

"ఎవరన్నారు?"

సూదిని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"కిందనుంచి మొదలెట్టారు మీరు. ఐదు మెట్లకి జింకు కొట్టి, పైకి పెయింటు కొట్టారు. నాకు చూపించిన రేకు?"

"అది జింకే."

"తెలుసు. గీసింది నేనే."

లోపల్నుంచి ఆమె, "ఏటి బాబూ, ఏటైంది?" అంది.

"అప్పన్న రోజూ రెండుసార్లు ఎక్కుతాడని మీకు తెలుసు" అన్నాను.

ఆయన మొదటిసారి తలెత్తాడు. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. మామూలుగానే ఉన్నాడు. "సోమవారం వొస్తాను. ఆఫీసులో విచారణంటన్నారు కదా. నా నోటితో నానే సెప్తాను. అప్పన్న దూకలేదు, మెట్టే లేదక్కడ అని సెప్తాను. నువ్వు రాయొద్దు, నన్ను సెప్పనీ" అన్నాడు.

అదీ నమ్మాను.

అప్పన్నకు ఆ మాట ఎంత అవసరమో చెప్పాలి. ఠేకా మీద పనిచేసేవాడు. మెట్టు చెడి పడ్డాడని తేలితే, కాలు కుదిరాక పంపు దగ్గరో గేటు దగ్గరో కూర్చునే పని ఇచ్చి తీరాలి. వాడి అజాగ్రత్త అని తేలితే పేరు కొట్టేస్తారు, అంతే. ఇద్దరు ఆడపిల్లలు హిందీ బడిలో చదువుతున్నారు. ఆస్పత్రి మంచం మీంచి నాతో, "మావ సెప్తానన్నాడా? ఐతే పర్లేదు బాబూ" అన్నాడు. మెట్లకు పూత వేసింది ఆ మావే అని వాడికి తెలుసు. అందులో తప్పేం జరిగిందో ఆస్పత్రిలో నేను చెప్పలేదు. మావ నోటితోనే విననీ అనుకున్నాను.

సోమవారం నేను నెహ్రూ నగర్ వైపున్న ఆ ఆఫీసు వరండాలో బెంచీ మీద పొద్దున్నించీ కూర్చున్నాను. ఆయన రాలేదు. ఫోను మోగి మోగి ఆగింది. మధ్యాహ్నం లోపలికి పిలిచారు. బల్ల అవతల ఇంజినీరు, పక్కన ఠేకేదారు గుమాస్తా, వాళ్ళ మధ్య ఫైలు. గుమాస్తా ఫైలు తిప్పి ఒక కటింగు నా వైపు జరిపాడు. ఎర్ర పెన్నుతో ఒక వాక్యం కింద గీత ఉంది. పదేళ్ళదాకా బెంగ లేదు.

"ఆప్ హీ కా లిఖా హై నా, సర్?" అన్నాడు, ఎంతో మర్యాదగా. మీరు రాసిందే కదా అని.

నాదే అన్నాను. అప్పుడు నేను మెట్లెక్కి చూడలేదని, ఇప్పుడెక్కానని, ఆరో మెట్టు నుంచి పూత ఉత్తదని చెప్పాను. రాసి సంతకం పెట్టిచ్చాను. ఇంజినీరు అది చదివి పక్కన పెట్టాడు. "మీరు టెక్నికల్ మనిషి కాదు కదా" అన్నాడు. పొగిడినప్పుడు నేను టెక్నికల్ మనిషినేనా అని అడిగాను. గుమాస్తా నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు. పూత కొట్టిన మనిషి వచ్చి చెబితే వేరే సంగతి అన్నాడు.

సవరణ వేద్దామంటే మా ఆఫీసులో ఆ వార్త వేసిన ఎడిటరు అప్పటికే మారాడు. కొత్తాయన, "ఎప్పటి వార్త దాదా ఇది?" అన్నాడు, సవరణ వెయ్యలేదు.

సాయంత్రం ఖుర్సీపార్ వెళ్ళాను. మేస్త్రి ఇంటికి తాళం. విశాఖ వైపు వెళ్ళే బండికి ముందురోజే వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. రెండు నెలల తరవాత తిరిగొచ్చాడు. దగ్గు, ఆయాసం. ఒకసారి బజారులో నన్ను చూసి, సైకిలు దిగి, దాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పుకుని వెళ్ళాడు. పరిగెత్తలేదు. పిలవలేదు నేను. అంతకుముందు ఎన్నిసార్లో ఆ వీధిలో ఆయనే నన్ను చూసి అరిచేవాడు.

లాభపడి ఉంటే నాకు అర్థమయ్యేది. ఇల్లు అదే, రేకుల కప్పు అదే, సైకిలు అదే. ఠేకేదారు తరవాత ఇంకో పని కూడా ఇవ్వలేదట. బెదిరించారా, బతిమాలారా, ఊరికే 'ఇలా చెయ్యి' అంటే చేశాడా, తెలియదు. మూతి కన్నంలో తీగ పెట్టినందుకు పెద్ద గొడవ చేసే మనిషి, ఒక మెట్ల వరస మొత్తం వదిలేశాడు. తప్పు పని చేసేవాళ్ళను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను, వాళ్ళ మీద రాశాను, మర్చిపోయాను. ఈయన తప్పు పనికి ఒక మంచి సాక్షిని తయారుచేసి తీగకు వేలాడదీశాడు. నేను వస్తానని, గీస్తానని తెలుసు. బిళ్ళ నాకిచ్చింది ఆయనే.

చనిపోయిన రోజు వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. అప్పన్న ముందే వచ్చి ఉన్నాడు, చేతికర్రతో, గోడకానుకుని. అప్పటికి వాడికి అన్నీ తెలుసు, నేనే చెప్పాను.

"నువ్వొచ్చావా?" అన్నాను.

"మావ కదా బాబూ. రాకపోతే ఎలగ?"

వాడే మొదలుపెట్టాడు. "రంగేసినాక ఒకనాడు టీకొట్టుకాడ అందరి ముందరా, 'ఒరే అప్పన్నా, మెట్టు నడిమికి అడుగెయ్యకురా, అంచుకెయ్యి. నీ బొజ్జకి ఇనుమాగదు' అన్నాడు. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను. ఇంకోనాడు మల్లీ అన్నాడు. 'కమ్మీ పట్టుకునెక్కరా' అన్నాడు. మూడోపాలి అన్నప్పుడు నాకు కోపమొచ్చీసింది బాబూ. 'నా బొజ్జ నీకేటి బరువు మావా, నోరుముయ్యి' అనీసినాను. అందరి ముందరే. మరెప్పుడూ అన్లేదు."

"నీకు అనుమానం రాలేదా?"

"మావ కొట్టిన మెట్లు కదా. అనుమానమెందుకొస్తాది?"

కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అంచుకేసుంటే కాలిరిగీది కాదు కదేటి" అన్నాడు. వాడు అడుగుతున్నాడో చెబుతున్నాడో తెలియలేదు. అంచున రేకు చట్రానికి అతుకు వేసి ఉంటుంది, నిజమే, అక్కడ ఆగుతుంది.

దినాలయ్యాక మేస్త్రి భార్య కబురుపెట్టింది. గన్ను పెట్టె నా ముందు పెట్టి, ఎవరికైనా పనికొస్తే ఇవ్వమంది. విప్పి చూశాను. సూది సాఫీగా జారుతోంది, మూతి కన్నం గుండ్రంగా, గీత లేకుండా ఉంది, తోలు చుట్టకు నూనె రాసి ఉంది. చుట్టిన పేపరు మాదే. నా వార్త ఉన్న పేజీయేమో అని మడత విప్పాను. కాదు, కూరగాయల ధరల పేజీ.

"ఈ రేకులేటి చెయ్యను బాబూ?" అంది, డాబా మీదికి తీసుకెళ్ళి. "గాలేస్తే చప్పుడు. నిద్రట్టదు."

ట్యాంకు రేకు ఎక్కడుందో నాకు తెలుసు. విప్పాను. రెండు వానాకాలాలు తడిసినా మచ్చ లేదు. వెనక్కి తిప్పాను, అప్పుడు తిప్పాల్సింది ఇప్పుడు. 'ట్యాంకు' అని మేకుతో గీకి ఉంది. దాని కింద ఖాళీ. తక్కినవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను. ప్రతిదాని మీదా 'పూర్తి' ఉంది. ఆమె నా పక్కన నిలబడి, "చదువు రాదు బాబూ నాకు. ఏటి రాసుకున్నాడు?" అంది. పనుల పేర్లు అన్నాను.

ఆ రేకును ఇంజినీరుకు తీసుకెళ్ళి ఇచ్చాను. 'పూర్తి' అన్న రెండో మాట ఎందుకు లేదో, ఆయన ఎప్పుడు ఆ మాట గీకేవాడో వివరించాను. ఓపిగ్గా విన్నాడు. తరవాత బొటనవేలితో పూత రుద్ది, "అచ్ఛా హై" అన్నాడు, బాగుందని. ఫైల్లో ఏం రాశాడో వంగి చూశాను. నమూనా సంతృప్తికరం అని రాశాడు.

విచారణ ఇంకా ముగియలేదు. ఫైల్లో అప్పన్న వాంగ్మూలం ఉంది, నా కటింగు ఉంది, నేను సంతకం పెట్టిచ్చిన కాగితం ఉంది, ఆ రేకు ఉంది. పూత కొట్టిన మనిషి మాట లేదు. అప్పన్న పేరు తీసేయనూ లేదు, పనిలో పెట్టుకోనూ లేదు. వాడి బదులు వేరే మనిషి వాల్వులు తిప్పుతున్నాడు. విరిగిన మెట్టు మీద చెక్కపలక వేసి తాడుతో కట్టారు, అతను దాన్ని దాటుకుని ఎక్కుతున్నాడు. మొన్న వాన వెలిశాక వెళ్ళి చూశాను. ఆరో మెట్టు నుంచి పైదాకా రంగు ఊడి ఎర్రగా కారుతోంది. ఐదో మెట్టు దాకా తుప్పు లేదు.